భద్రత ఎవరికి? ధార్వాడ్ నుంచి లిటిల్ రాక్ దాకా (బడి గడప: 9వ భాగం)



పోయిన భాగంలో సావిత్రీబాయి సంచిలో పెట్టుకెళ్ళిన రెండో చీర గురించి చెప్పుకున్నాం. దారిలో పేడ, మట్టి విసిరేవాళ్ళు కాబట్టి బడికి చేరాక మార్చుకోవడానికి ఇంకో చీర. ఆ పోస్టు కింద ఒక డిగ్రీ తమ్ముడు అడిగాడు: "అన్నా, అప్పుడు సీసీ కెమెరాలు ఉండుంటే?" సరదాకే అడిగాడేమో గానీ ప్రశ్న చిన్నది కాదు. ఇవాళ బడి భద్రత అంటే ప్రహరీగోడ, గేటు, వాచ్‌మన్, కెమెరా. ప్రమాదం బయటి నుంచి వస్తుంది, లోపలున్న పిల్లల్ని కాపాడాలి అన్నది దీని వెనకున్న లెక్క. మన పిల్లల చరిత్ర తెరిచి చూస్తే ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చిన వాళ్ళం మనమే. ప్రమాదం అని సర్కారు రాసుకున్నది కూడా మన పిల్లల రాకనే.

ఇది ఉపన్యాసం కోసం అంటున్న మాట కాదు. సర్కారు తీర్మానాల్లోనే ఉంది.

1856 జూన్. బొంబాయి ప్రెసిడెన్సీలోని ధార్వాడ్. సర్కారు బడిలో చేర్చుకోమని ఒక మహార్ కుర్రాడు అర్జీ పెట్టుకున్నాడు. అప్పటికి రెండేళ్ళ కిందటే, 1854లో, కంపెనీ పెద్దలు ఇండియాలో చదువు విధానం గురించి పెద్ద పత్రం పంపి ఉన్నారు. కుర్రాడికి అది తెలుసో లేదో గానీ, సర్కారు బడి కాబట్టి సర్కారునే అడిగాడు. స్థానికంగా కాదన్నారు. అర్జీ బొంబాయి దాకా వెళ్ళింది. జూలైలో బొంబాయి ప్రభుత్వం తీర్మానం చేసింది. బాబాసాహెబ్ 1928లో బహిష్కృత హితకారిణీ సభ తరఫున సైమన్ కమిషన్‌కు ఇచ్చిన నివేదికలో ఆ తీర్మానం ఉంది. దొరికితే చదవండి. తిట్టు ఒక్కటి కూడా ఉండదు, మహా మర్యాదగా ఉంటుంది.

దాని సారం ఇది. సమస్య చాలా కష్టమైనది. సూత్రం ప్రకారం చూస్తే న్యాయం అర్జీదారు పక్షానే ఉంది, అందులో అనుమానం లేదు. అతనికి అడ్డొస్తున్న దురభిమానాలు త్వరలో తొలగిపోతాయని ప్రభుత్వం ఆశిస్తోంది. కానీ ఒకరిద్దరి కోసం తరతరాల దురభిమానాల్లో ఒక్కసారిగా తలదూరిస్తే విద్యావ్యాప్తికే గట్టి దెబ్బ తగలొచ్చు. ఈ ఇబ్బంది ఈ ప్రభుత్వం తెచ్చిపెట్టింది కాదు, ఈ ప్రభుత్వం తక్షణం తీసేయగలిగిందీ కాదు.

న్యాయం నీదే, బడి మాత్రం వాళ్ళది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. దెబ్బ తగులుతుందని భయపడ్డారు సరే, ఆ దెబ్బ కొట్టేదెవరు? ఆ కుర్రాడు ఎవరినీ ఏమీ అనలేదు. ఒక కాగితం పెట్టాడు, అంతే. బడి మానేస్తామన్నా, బడి ఖాళీ అవుతుందన్నా ఆ పని చేసేది పై కులాల వాళ్ళు. బెదిరింపు వాళ్ళది. కానీ ఆ బెదిరింపుకు జవాబుగా ఎవరిని ఆపారు? అర్జీ పెట్టినవాడిని. వీళ్ళు గొడవ చేస్తారు కాబట్టి నువ్వు రావద్దు అన్న ఈ ఒక్క వాక్యానికి 170 ఏళ్ళ వయసుంది. పాలనా భాషలో దీని పేరు శాంతిభద్రతలు.

1857 జనవరిలో కలకత్తా నుంచి గవర్నర్ జనరల్ కౌన్సిల్, బెంగాల్‌లో అయితే ఏ సర్కారు బడీ ఆ కుర్రాడిని కాదనేది కాదన్నట్టు రాసింది. 1858లో కంపెనీ డైరెక్టర్లు సర్కారు బడులు అన్ని వర్గాలకూ తెరిచే ఉండాలని ఖాయం చేశారు. కాగితం మీద మనం గెలిచాం. నేల మీద ఏమైందో గుజరాత్ వైపు ఖేడా జిల్లా కథ చెబుతుంది. అంటరాని కులాల పిల్లల్ని బడుల్లో చేర్చుకుంటే అక్కడ పెద్ద బడులు ఏళ్ళ తరబడి మూతపడ్డాయి. ఊరివాళ్ళు కోపంతో మన వాళ్ళ గుడిసెలు, పైర్లు తగలబెట్టారు. పిల్లవాడు పలక పట్టుకుని వెళితే తండ్రి చేను కాలింది.

1882లో హంటర్ కమిషన్ వచ్చింది. జోతిరావు ఫూలే దానికి రాసిచ్చిన వాంగ్మూలంలో ఉన్నమాట చెప్పారు: పై కులాల పిల్లల పక్కన కూర్చోనివ్వరు కాబట్టి మహార్లు, మాంగ్‌లు బడుల నుంచి దాదాపుగా వెలి అయ్యారని. కమిషన్ సూత్రాన్ని ఒప్పుకుంటూనే జాగ్రత్తగా అమలు చేయాలంది, ప్రత్యేక బడులు ప్రోత్సహించమంది. మనవైపు మద్రాస్ ప్రెసిడెన్సీలో పంచమ బడి అన్న మాట అలా స్థిరపడింది. ఊరి బడి ఊళ్ళో, వాడ బడి వాడలో.

వేరు బడి గురించి తొందరపడి తీర్పు చెప్పను. సర్కారు దాన్ని పెట్టింది ఊరి మనశ్శాంతి కోసం. కానీ మనవాళ్ళు పెట్టుకున్న బడులది వేరే కథ. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి బడులు తెరుస్తూ పోయారు. ఆ బడిలో పిల్ల నీళ్ళు తాగాలంటే ఎవరి దయా అక్కర్లేదు. ఇదే కాలానికి కాస్త ముందు సతారా బడిలో బాబాసాహెబ్ ఎలా చదివారో గుర్తుంది కదా. కూర్చోవడానికి గోనెపట్టా ఇంటి నుంచే తెచ్చుకోవాలి, సాయంత్రం మళ్ళీ ఇంటికే మోసుకుపోవాలి, ఎందుకంటే బడి నౌకరు దాన్ని ముట్టుకోడు. ప్యూన్ రాకపోతే ఆ రోజు నీళ్ళు లేవు. సీటు దొరికింది, చేరిక జరిగింది. రోజంతా దాహం.

ఇప్పుడు సముద్రం దాటుదాం. బాబాసాహెబే 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాస్తూ, మన స్థితికీ అమెరికా నల్లవాళ్ళ స్థితికీ ఎంతో పోలిక ఉందన్నారు. ఆ మాటకు పదకొండేళ్ళ తర్వాత ధార్వాడ్ వాదన అమెరికాలో తుపాకీ పట్టుకుని నిలబడింది.

1954లో అక్కడి సుప్రీంకోర్టు, బ్రౌన్ కేసులో, నల్ల పిల్లలకు వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. 1957 సెప్టెంబర్‌లో ఆర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్ పట్టణంలోని సెంట్రల్ హైస్కూల్లో తొమ్మిది మంది నల్ల విద్యార్థులు చేరాలి. గవర్నర్ ఆర్వల్ ఫాబస్ బడి చుట్టూ నేషనల్ గార్డ్ సైనికులను దించాడు. ఎందుకంటే హింస జరిగే ప్రమాదం ఉందట, శాంతిని కాపాడాలట. సెప్టెంబర్ 4న ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి ఒంటరిగా వచ్చింది. అందరూ కలిసి వెళదామన్న కబురు ఆమెకు అందలేదు, వాళ్ళ ఇంట్లో ఫోన్ లేదు. సైనికులు తెల్ల పిల్లలను లోపలికి పోనిచ్చి ఆమె ముందు తుపాకులు అడ్డం పెట్టారు. వెనక అరుస్తున్న గుంపు. ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. నల్ల కళ్ళద్దాలు, చేతిలో నోట్‌బుక్, వెనక నోరు తెరిచి అరుస్తున్న తెల్లమ్మాయి. ఆ ఫొటోలో సైనికులు కాపలా కాస్తున్నది ఎవరికి?

కోర్టు చెప్పాక గార్డ్‌ను తీసేశారు. 23న పిల్లలు పక్క గుమ్మం గుండా లోపలికి వెళితే బయట గుంపు పెరిగి, పోలీసులే వాళ్ళను మధ్యలో తీసుకెళ్ళిపోయారు. అప్పుడు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైన్యాన్ని పంపాడు. ఇష్టంతో పంపలేదు, తప్పక పంపాడు. అయినా చరిత్రలో ఒక పని జరిగింది. ఈసారి రాజ్యం పిల్లను పక్కకు జరపకుండా గుంపును పక్కకు జరిపింది. 25న తొమ్మిది మందీ సైనికుల మధ్య నడిచి బడిలోకి వెళ్ళారు.

చాలా పుస్తకాలు కథను ఇక్కడ ముగిస్తాయి. నా దృష్టిలో మన కథ ఇక్కడే మొదలవుతుంది. ఒక్కో విద్యార్థికీ ఒక్కో సైనికుడు కాపలా. కానీ సైనికుడు తరగతి గదిలోకి రాడు, జిమ్‌లోకి రాడు, టాయిలెట్లోకి రాడు. తన్నులు, తోపులు, ఉమ్ములు అన్నీ అక్కడే. కళ్ళలోకి యాసిడ్ చిమ్మారని మెల్బా పటిల్లో తర్వాత రాసుకుంది. మినిజీన్ బ్రౌన్ అనే అమ్మాయి క్యాంటీన్లో ట్రే పట్టుకుని వెళుతుంటే కుర్రాళ్ళు కుర్చీలు అడ్డం తోశారు. ఆమె చేతిలోని కూర గిన్నె వాళ్ళ మీద పడింది. సస్పెండ్ అయింది ఆమె. 1958 ఫిబ్రవరిలో బడి నుంచి తీసేసింది కూడా ఆమెనే. ఒకరు పోయారు, ఇంకా ఎనిమిది మంది ఉన్నారని కార్డులు అచ్చేసి పంచుకున్నారు తెల్ల పిల్లలు. సెంట్రల్ యూనివర్సిటీలో, ఐఐటీలో చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఈ పద్ధతి వివరించనక్కర్లేదు.

అదే ఫిబ్రవరిలో స్కూల్ బోర్డు కోర్టుకెళ్ళింది. బడిలో చదువు సాగడం లేదు, అల్లర్లు ఎక్కువయ్యాయి, రెండున్నరేళ్ళు వాయిదా ఇవ్వండి అని. అల్లరి చేసిన తెల్ల పిల్లల్ని రెండున్నరేళ్ళు బయట పెడతామని మాత్రం అడగలేదు. కింది కోర్టు సరేనంది కూడా. 1958 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూపర్ వర్సెస్ ఆరన్ కేసులో కాదంది. హింస, అల్లర్లు ఉన్నాయి కాబట్టి నల్ల పిల్లల రాజ్యాంగ హక్కును బలి పెట్టడం కుదరదని తేల్చింది. ధార్వాడ్ కుర్రాడికి రావాల్సిన జవాబు అది. 102 ఏళ్ళు ఆలస్యంగా, వేరే దేశంలో, వేరే పిల్లలకు వచ్చింది. ఫాబస్ ఏం చేశాడు? 1958-59లో పట్టణంలోని హైస్కూళ్ళన్నీ మూసేశాడు. మన ఖేడా గుర్తు రావడం లేదూ?

మన సుప్రీంకోర్టు కూడా బడి భద్రత మీద మాట్లాడింది. 2004 జూలైలో కుంభకోణం బడిలో పైకప్పుకు నిప్పంటుకుని 90 మందికి పైగా పసివాళ్ళు కాలిపోయారు. అవినాష్ మెహ్రోత్రా కేసులో 2009లో కోర్టు, చదువుకునే హక్కులో భద్రమైన బడి హక్కు కూడా ఉందంది. గొప్ప మాటే. అగ్గి నుంచి, కూలే గోడ నుంచి కాపాడే నియమాలు దాంతో గట్టిపడ్డాయి. మరి కులం అగ్గి కాదా?

ఆ ప్రశ్నను సర్కారు కమిటీ నేరుగా ఎత్తుకోవాలంటే 2023 ఆగస్టు రావాల్సి వచ్చింది. తమిళనాడు తిరునల్వేలి జిల్లా నాంగునేరి. వేధింపులు తట్టుకోలేక పదిహేడేళ్ళ దళిత విద్యార్థి బడి మానేశాడు. ఎందుకు రావడం లేదని బడివాళ్ళు అడిగితే ఎవరు ఏం చేస్తున్నారో చెప్పాడు. ఆ రాత్రే తోటి విద్యార్థులు కొడవళ్ళతో ఇంటికొచ్చి నరికారు. అడ్డొచ్చిన చెల్లెలినీ నరికారు. ప్రభుత్వం జస్టిస్ చంద్రు ఏకసభ్య కమిటీ వేసింది. 2024 జూన్‌లో నివేదిక వచ్చింది. కులాన్ని చూపించే రంగు తాళ్ళు, ఉంగరాలు, నుదుటి బొట్లు నిషేధించమన్నారు. బడుల పేర్లలో కులం తీసేయమన్నారు. ఒక ప్రాంతంలో ఏ కులం బలంగా ఉందో ఆ కులం హెడ్మాస్టర్‌ను అక్కడ వేయొద్దన్నారు. హాజరు పట్టీలో కులం కనిపించకూడదన్నారు. అన్నిటితో నాకు ఏకీభావం లేదు. కులం పేరు చెరిపితే కులం చెరగదని మనకు తెలుసు. కానీ మణికట్టుకున్న తాడును బడి భద్రత సమస్యగా చూసిన కాగితం అది. వెంటనే హిందువుల మీద దాడి అంటూ గోల మొదలైంది.

ఆ రంగు తాళ్ళ సంగతి సర్కారుకు కొత్తగా తెలిసిందేమీ కాదు. 2019లోనే తమిళనాడు పాఠశాల విద్యాశాఖ వాటిని ఆపమని సర్క్యులర్ ఇచ్చింది. మతం పేరుతో అభ్యంతరం రాగానే మంత్రి వెనక్కి తగ్గాడు. గొడవ అవుతుందని. నాంగునేరి దానికి నాలుగేళ్ళ తర్వాత.

తమ్ముడు అడిగిన కెమెరా సంగతి. ఆ పిల్లవాడిని నరికింది బడిలో కాదు, వాళ్ళింట్లో.

వచ్చే ఆదివారం 10వ భాగం: బడిలో నీళ్ళ కుండ, మధ్యాహ్న భోజనం వండే చేతులు. మీ ఊరి బడిలో వంట ఎవరు చేస్తారో, ఎవరు తినరో కింద రాయండి. పిల్లల పేర్లు మాత్రం రాయకండి.