లందలోని శాస్త్రం ఎవరిది?

తార్నాకలో రెండు రకాల పనులు కనిపిస్తాయి. ఒకటి, 1944లో నిజాం రాజ్యంలో మొదలై, 1956లో సి.ఎస్.ఐ.ఆర్. కిందికి వచ్చి, 1989 నుంచి ఐ.ఐ.సి.టి. పేరుతో నడుస్తున్న పరిశోధనశాల. రెండోది, రోడ్డు పక్కన ఆరె, రంపె ముందు పెట్టుకుని తెగిన చెప్పులు కుట్టే మనిషి పని. మొదటిదాన్ని రసాయన శాస్త్రం అంటాం, రెండోదాన్ని కులవృత్తి అంటాం. ఈ గీత ఎట్లా పడిందన్నదే మా ప్రశ్న.

పచ్చి తోలు నిలవ ఉండదు, కుళ్ళిపోతుంది. సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క రసం పోసిన లందలో వారాల తరబడి ఊరబెడితే చెడకుండా నిలుస్తుంది. చెక్కలోని టానిన్ తోలులోని ప్రోటీనును పట్టుకోవడమే ఇందులోని రసాయన చర్య. మాదిగ ఆడవాళ్ళు, మగవాళ్ళు తరతరాలుగా చేసింది ఇదే. మోట బొక్కెన, తొండం, చెప్పులు వాళ్ళ చేతుల్లోంచే వచ్చినై. ఊరి పొలాలకు నీళ్ళు తోడింది ఆ తోలే గదా! అయినా తోలు ముట్టినవాళ్ళు అంటరానివాళ్ళయినారు. తెలంగాణ దొరలకైతే వెట్టి కింద ఊరికే ఇవ్వాల్సి వచ్చేది.

1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ క్రోమియం లవణాలతో తోలు శుద్ధికి పేటెంటు తీసుకున్నాడు. వారాల పని రోజుల్లోకి తగ్గింది. 20వ శతాబ్దం మొదట్లో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ ఈ పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు ఆ తోలుతో చేయించిన వస్తువుల్లో మోట బొక్కెన ఒకటి. క్రోం తోలు నీళ్ళలో తొందరగా మురగదు. అంటే కొత్త పరిశ్రమ వెతుక్కున్న గిరాకీ, అంతదాకా మాదిగవాడకొచ్చిన రైతుదే. తర్వాత, 1960లు, 70లలో బావులకు కరెంటు మోటర్లు రావడంతో మోటే పోయింది. కాళ్ళకు ఫ్యాక్టరీ బూట్లు, రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులు వచ్చినై.

పాత రోజులు తిరిగి రావాలని మేము అనడం లేదు. లందతోపాటు దాని చుట్టూ ఉన్న అవమానమూ కొంత తగ్గింది. ఆ ఇండ్ల పిల్లలు ఉస్మానియా క్లాసురూముల్లోకి వచ్చినారు. కానీ గిరాకీ మారింది, యంత్రం వచ్చింది అని చెప్పే చరిత్ర, పని పోయినవాళ్ళ లెక్క ఎందుకు చెప్పదు? పెట్టుబడి ఉన్నవాళ్ళు యజమానులైనారు. తోలు గుణం తెలిసినవాళ్ళు కూలికి, మరమ్మతుకు మిగిలినారు.

ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం బోధించిన కంచ ఐలయ్య, 2007లో పిల్లల కోసం తెచ్చిన పుస్తకంలో తోలు పనిని విజ్ఞానంగానే పరిచయం చేసినారు. ఆ పని ముందుకు పోవాలి. విద్యార్థులు సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాతలను, అమ్మమ్మలను అడగండి: చెక్క ఎంత వేసేవాళ్ళు, ఎన్ని రోజులు ఊరబెట్టేవాళ్ళు, మీ ఊరి చివరి లంద ఎప్పుడు ఎండింది? చెప్పగలిగినవాళ్ళు ఉండగానే రాసుకోవాలి.