ముక్కు కొలతలు, నెత్తుటి లెక్కలు

1872లో బెంగాల్‌లో మొదటిసారి జనాభా లెక్కలు తీశారు. లెక్క తేలాక దొరలు విస్తుపోయారు. నవాబుల కోటలున్న ఊళ్ళ చుట్టూ కాకుండా తూర్పున నదులూ బురదా వరిచేలూ ఉన్న జిల్లాల్లో ముస్లింలు కిక్కిరిసి ఉన్నారు. దర్బారీలు కాదు, నాగలి పట్టేవాళ్ళు. వీళ్ళలో ఎక్కువమంది ఇక్కడి కింది కులాలనుంచి మతం మారినవాళ్ళేనని లెక్కల అధికారి బెవర్లీ రాసేశాడు.

అక్కడితో ఆగితే అది చరిత్రకారుల తగువుగానే ఉండేది. హెర్బర్ట్ రిజ్లీ అనే అధికారి దాన్ని జీవశాస్త్రం చేశాడు. ముక్కు వెడల్పుని ఎత్తుతో భాగించి నూరుతో హెచ్చిస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకె తక్కువైతే ఆర్యుడు, ఎక్కువైతే ద్రావిడుడు. కులం ఎంత పైదైతే ముక్కు అంత సన్నన అని ఆయన సిద్ధాంతం. 1891లో అచ్చయిన ఆయన లెక్కల ప్రకారం తూర్పు బెంగాల్ ముస్లింల ముక్కులు అక్కడి చండాల్, పోద్ కులాల ముక్కులకి దగ్గరగా ఉన్నాయి. కాబట్టి బెవర్లీ చెప్పింది నిజమట!

అష్రాఫులకి ఇది ముల్లులా గుచ్చుకుంది. ముర్షీదాబాద్ నవాబు దగ్గర దివానుగా ఉన్న ఫజ్లీ రబ్బీ 1895లో ఏకంగా ఒక పుస్తకమే ఇంగ్లీషులో వేయించాడు. మా పెద్దలు బయటి దేశాలనుంచి వచ్చిన ఖాందానీలని దాని సారాంశం. ఇందులో నన్ను కలవరపెట్టేది ఒకటుంది. దొర ముక్కు కొలిచాడు, దివాను శజ్రా విప్పాడు. ఇద్దరూ ఒప్పుకున్న సంగతి మాత్రం ఒకటే: మనిషి విలువ నెత్తురులో ఉంటుంది. చండాలుడి మనవడైతే తప్పేమిటని అడిగినవాడు ఆ తగువులో లేడు.

రిజ్లీ 1901 జనాభా లెక్కలకి కమిషనరై కులాలని పైనుంచి కిందికి వరసపెట్టమన్నాడు. దేశమంతా అర్జీలు వెల్లువెత్తాయి. మేం క్షత్రియులమని కొందరు, మేం వైశ్యులమని కొందరు. మనవాళ్ళూ వెనకపడలేదు. ఆ తర్వాత దశాబ్దాల్లో జులాహాలు అన్సారీలయ్యారు, కసాయిలు ఖురేషీలయ్యారు. పోయినేడు జులాహా, ఈ ఏడు షేక్, గింజల ధర పెరిగితే వచ్చే ఏడు సయ్యద్ అని ఉత్తరాదిన ఒక సామెతే ఉంది. ముక్కు మారలేదు, పేరు మారింది. శాస్త్రం సమాజాన్ని కొలిచానని అనుకుంది. సమాజం ఆ కొలబద్దనే నిచ్చెనగా చేసుకుంది.

మన వైపు ఈ పని చేసింది మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు థర్స్టన్. దక్షిణాది కులాలూ తెగల మీద 1909లో ఆయన వేసిన ఏడు సంపుటాల్లో దూదేకులవాళ్ళకీ ఒక పద్దుంది. 1932లో ఘుర్యే రిజ్లీ లెక్కల్నే తిరగేసి, ఆ సూత్రం ఉత్తర హిందుస్తాన్ దాటితే నిలవదన్నాడు. 1948లో అంబేద్కర్ అదే ముక్కుల పట్టికని పట్టుకుని, బ్రాహ్మడూ అంటరానివాడూ ఒకే జాతి అయితే అంటరానితనం జాతిభేదం వల్ల ఎలా పుట్టిందని నిలదీశాడు. శత్రువు కత్తితోనే శత్రువుని ఎదుర్కోవడం అంటే అది.

1972లో అమెరికాలో లెవాంటిన్ రక్తంలోని ప్రోటీన్ల తేడాల్ని లెక్కగట్టాడు. మనుషుల మధ్యనున్న జన్యుభేదాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహంలోని వ్యక్తుల మధ్యే ఉన్నాయని, జాతుల మధ్య మిగిలేది 6 శాతం చిల్లర అని తేలింది.

అయితే సమాజం నెత్తురులో ఏమీ రాయదా? రాస్తుంది. హైదరాబాద్ సిసిఎంబి శాస్త్రవేత్తలు అమెరికా వాళ్ళతో కలిసి 2009లో, 2013లో వెలువరించిన పరిశోధనల ప్రకారం, సుమారు 4,200 ఏళ్ళనుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఈ దేశంలో అందరూ అందరితో కలిశారు. తర్వాత పెళ్ళి కులం గోడల మధ్యకి చేరింది. ఆ గోడ జన్యువుల్లో కనబడుతోంది. ఆంధ్ర వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్లో కండరాలు సడలించే ఒక మందిస్తే గంటల తరబడి ఊపిరి అందదు; దాన్ని విరిచే ఎంజైము వాళ్ళలో లోపిస్తుంది. అది జాతి గుణం కాదు, తరతరాలుగా లోపలే చేసుకున్న పెళ్ళిళ్ళ ఫలితం.

చిన్నాన్న కూతుర్ని చేసుకుంటారని మనల్ని ఎగతాళి చేసేవాళ్ళుంటారు. మేనరికం చేసుకున్న నోటితోనే! జన్యువుకి చిన్నాన్న కూతురైనా మేనత్త కూతురైనా లెక్క ఒకటే. మేనమామ పెళ్ళిలో దగ్గరితనం దానికి రెట్టింపు. వరస సమాజానిది, జబ్బు ఒంటిది.

2010లో ఐరోపా మానవ జన్యుశాస్త్ర పత్రిక ఒకటి వివిధ రాష్ట్రాల ముస్లింల జన్యువుల అధ్యయనం వేసింది. వాళ్ళలో అత్యధిక భాగం స్థానికమే. పశ్చిమాసియా, ఆఫ్రికా జాడలు కొద్దిగా. బాబర్ సంతానమని అరిచేవాళ్ళకి జవాబు దొరికిందని మనలో కొందరు సంబరపడ్డారు. నాకా సంబరం రాలేదు. 2021 జులైలో ఆరెస్సెస్ అధినేత మోహన్ భాగవత్ కూడా భారతీయులందరి డిఎన్‌ఎ ఒకటేనన్నారు. ఆ వాక్యాన్నే ‘అయితే ఇంటికి తిరిగి రండి’ అని సాగదీసేవాళ్ళు లేరా? నిజంగానే నా తాత సమర్‌ఖండ్ నుంచి వచ్చి ఉంటే నా రేషన్ కార్డు చెల్లదా?

2007లో ఆంధ్రప్రదేశ్ చట్టం 14 ముస్లిం సమూహాలకి వెనకబడిన తరగతుల కోటా ఇచ్చింది. ఎవరి నెత్తురూ తీయలేదు, ముక్కూ కొలవలేదు. చేసే పనీ, చదువూ, బతుకూ చూశారు. సయ్యదులూ పఠాన్లూ మొఘలులూ బయట ఉండిపోయారు. అత్తరు సాయిబులూ, గారడీ వాళ్ళూ, ఫకీర్లూ, హజాములూ, ఊరూరా తిరిగి రోళ్ళకి కక్కు కొట్టే తురక కాశలూ లోపలికొచ్చారు.