తిరువయ్యారు ఆరాధనోత్సవము - అందు స్త్రీల స్థానము

ప్రతి సంవత్సరము పుష్య బహుళ పంచమినాడు తమిళదేశమందలి తిరువయ్యారులో, కావేరీ తీరమున వేసిన విశాలమైన పందిరిలో, వందలాది గాయనీగాయకులు నేలపై కూర్చుండి త్యాగరాజస్వామివారి ఘనరాగ పంచరత్నములను ఏకకంఠముగా పాడుదురు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని ఈ ఐదు కృతులలో మొదటిది సంస్కృతము. తక్కిన నాలుగును తెలుగు. పాడువారిలో అధికులకు తెలుగు మాతృభాష కాదు. ఎవరికిని పారితోషికము లేదు. ఈ ఐకమత్యమును చూచినవారు ఇది అనాదిగా వచ్చుచున్న ఆచారమని తలతురు. చరిత్ర వేరుగా చెప్పుచున్నది.

స్వామివారు 1767లో తిరువారూరున జన్మించి, తిరువయ్యారున నివసించి, 1847 జనవరి 6వ తేదీన సిద్ధిపొందిరి. అంతిమ దినములలో సన్న్యాసము స్వీకరించిన కారణమున వారికి నదీతీరమున సమాధి ఏర్పడెను. కాలక్రమమున ఆ స్థలము నిరాదరణకు గురియయ్యెను. 20వ శతాబ్ది ప్రారంభమున శిష్యపరంపరలోనివారు దానిని బాగుచేయించి, పెద్ద యెత్తున ఆరాధన జరుప మొదలిడిరి. కాని అనతికాలముననే విద్వాంసులలో చీలిక వచ్చి, 'పెరియ కచ్చి', 'చిన్న కచ్చి' అను రెండు పక్షము లేర్పడెను. ఎన్ని విషయములలో విభేదించినను, స్త్రీలకు అక్కడ పాడు అవకాశ మీయకుండుటలో మాత్రము ఇరుపక్షములును ఒక్కటే!

ఇట్టి స్థితిలో రంగమునకు వచ్చినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆమె దేవదాసీ కులమున జన్మించిన విదుషి. సంగీతముతోపాటు తెలుగు, సంస్కృత సాహిత్యములను అభ్యసించినది. ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'ను పరిష్కరించి 1910లో ప్రకటించినదియు ఈమెయే. సమాధి దుస్థితిని విని, 1921లో అచట ఆలయనిర్మాణమునకు పూనుకొని, స్వార్జితమును వెచ్చించి దానిని పూర్తిచేసెను. అయినను, తాను కట్టించిన గుడిముంగిట జరుగు ఉత్సవములో తనకే పాడు అర్హత లేకపోయెను.

ఆమె నిరాశతో వెనుదిరుగలేదు. స్త్రీలను సమీకరించి, ఆలయము వెనుకభాగమున ప్రత్యేకముగా ఆరాధన జరిపించెను. అంతట పక్షములు మూడయ్యెను. ఒకే మహనీయుని పేర మూడు ఉత్సవములు జరుగుట ఎవరికిని గౌరవము కాదని పెద్దలు గుర్తించిరి. 1940 ప్రాంతమున పక్షములన్నియు ఏకమయ్యెను. ఈ సంధికి కృషిచేసిన ప్రముఖులలో ఐ.సి.యస్. ఉద్యోగి యస్.వై. కృష్ణస్వామిగారును ఒకరగుట, ప్రభుత్వోద్యోగులమైన మనకు ప్రత్యేకముగా సంతోషము కలిగించు విషయము. నేడు మనము చూచు పంచరత్నగోష్ఠి ఈ కలయిక తరువాత నెలకొన్నదే.

నాగరత్నమ్మగారు 1952లో దివంగతులైరి. ఆమె సమాధిమందిరమును స్వామివారి సన్నిధి కెదురుగనే నిర్మించిరి.

స్వస్థలములకు దూరముగ నివసించు తెలుగువారు అనేక నగరములలో త్యాగరాజ ఆరాధన జరుపుకొనుచున్నారు. ఆ గోష్ఠులలో మన ఇంటి ఆడుబిడ్డలు ముందువరుసలో కూర్చుండి పాడుట మనకు సహజముగ తోచును. ఆ వరుసలో వారికి చోటు సంపాదించి పెట్టిన యీ విదుషీమణి కథను ఆ బిడ్డలకు తెలియజెప్పుట తలిదండ్రులుగ మన విధి.