ఇంగ్లీషు పాఠమునుండి పుట్టిన తెలుగు ప్రశ్న

మామిడికుదురు వంటి కోనసీమ గ్రామమున పిల్లలకు ఇంగ్లీషు నేర్పవలెనన్న, ఎదుటనే కొబ్బరిచెట్టున్నది, కాలువయున్నది. వానిని చూపి మాట చెప్పుటకు మారుగా మనము చిరకాలము వ్యాకరణ సూత్రములను, అర్థముల పట్టికలను వల్లె వేయించితిమి.

ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ వల్లెవేతపై తిరుగుబాటు వచ్చినది. ఉపాధ్యాయుడు నడచును, తలుపు తెరచును, చేయుచున్న పనినే ఆ భాషలో చెప్పును. పిల్లలును చేయుచు పలుకుదురు. ఇదియే ప్రత్యక్ష పద్ధతి. హెన్రీ స్వీట్ 1899లోను, ఆటో యెస్పర్సన్ 1901లోను వెలువరించిన గ్రంథములు నోటిమాటకు పెద్దపీట వేసినవి.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగానుండిన గిడుగు రామమూర్తి పంతులుగారికి ఈ కృషి తెలిసినది. లిపియైనను లేని సవరభాషను సవరల నోటనే విని నేర్చినవారికి ఇది వింతగా తోచియుండదు. 1907 ప్రాంతమున ఉత్తర సర్కారుల పాఠశాలలను తనిఖీచేయు జె. ఎ. యేట్సు దొరకు ఒక సందేహము కలిగెను: పుస్తకములోని తెలుగు జనుల నోట వినబడదేమి? విశాఖపట్టణ కళాశాలాధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారును, గురజాడ అప్పారావుగారును, గిడుగువారును ఆ ప్రశ్నను చేపట్టిరి. పరభాషకే పలుకుబడి ప్రాణమైనచో సొంతభాష మాటయేమి? వ్యావహారికోద్యమము అట్లు మొలకెత్తినది.

ఇంగ్లీషు తరగతిలో మాత్రము వల్లెవేత అంత త్వరగా వదలలేదు. పంతుళ్లను నిందింపలేము, గదినిండ పిల్లలు, ముందు పరీక్ష! ఇంగ్లీషు బోధన బాగుపడవలెనని 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లభాషా సంస్థను నెలకొల్పవలసి వచ్చినది.