నీడ పూసిన సైనికులు

టేబుల్‌టాప్ యుద్ధక్రీడల్లో వాడే సైనికుడి బొమ్మ సాధారణంగా 28 మిల్లీమీటర్ల ఎత్తుంటుంది. దాని చంక కింద, నడికట్టు కింద, అంగీ మడతల్లో నల్లగా కనిపించేది చాలావరకు నీడ కాదు, రంగు. గుండ్రంగా పోతపోసిన ఆ బొమ్మకు తన నీడ తనకు ఉంది. అయినా కుంచె పట్టినవాళ్లు దాని మీద మరో నీడ దిద్దుతారు. అర మిల్లీమీటరు లోతున్న మడతలో పడే నీడ చేయి చాపినంత దూరం నుంచి చూసే కంటికి ఆనదు, చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. అందుకే దాన్ని పూసి చూపించాలి. ఈ కిటుకు అవసరం అందరికంటే ఎక్కువగా పడింది అసలు మందమే లేని బొమ్మలకు, అంటే జర్మనీలోని న్యూరెంబర్గ్ తగరపు రేకు సైనికులకు.

రంగు వేసిన బొమ్మ సైన్యాలు అంతకంటే చాలా పాతవి. ఈజిప్టులోని అస్యూత్‌లో మెసెహ్తి అనే ప్రాంతాధిపతి సమాధిలో దొరికిన చెక్క సైనికుల వయసు దాదాపు 4,000 ఏళ్లు. బల్లేలు పట్టిన ఈజిప్టువాళ్లు 40 మంది, విల్లంబులు పట్టిన నూబియావాళ్లు 40 మంది. ఒకరి ఎత్తు ఒకరికి లేదు, డాళ్ల మీద రంగుల మచ్చలూ ఒకే తీరుగా లేవు. చెక్కినవాడు గుంపును కాదు, మనుషులను చూశాడు. ఒంటి రంగు మాత్రం ఒక్కో దళానికి ఒక్కటే. నీడ జాడ లేదు. ఆ సైన్యం ఆటకు కాదు, చనిపోయినవాడి వెంట వెళ్లడానికి.

అక్కడి నుంచి 18వ శతాబ్దపు న్యూరెంబర్గ్‌కు ఒక్క అంగలో రావచ్చు. తగరం పనివాళ్లు పళ్లేలూ గిన్నెలూ చేసే ఊరది. కోబుర్గ్ నుంచి వచ్చి స్థిరపడిన యోహాన్ గోట్‌ఫ్రీడ్ హిల్‌పెర్ట్ 1770ల్లో గుర్రమెక్కిన ప్రష్యా రాజు ఫ్రెడరిక్ బొమ్మ పోశాడు. ఏడేళ్ల యుద్ధంలో ప్రష్యా పేరు మోగిపోయాక, ఆ దేశపు సైనికులు బొమ్మలుగా కూడా అమ్ముడుపోయారు. పలకరాయి ముక్కలు రెండు తీసుకుని, ఒకదాని మీద సైనికుడి ముందువైపు, మరోదాని మీద వెనకవైపు తిరగేసి చెక్కేవారు. రెండూ బిగించి కరిగిన లోహం పోస్తే కాగితం కంటే కాస్త మందమైన మనిషి బయటికొచ్చేవాడు. పక్క నుంచి చూస్తే గీత, ఎదురుగా చూస్తే సైనికుడు. పలకరాయి మీద చెక్కిన గుండీ ఆవగింజలో పావు వంతు కూడా ఉండదు. అయినా పోతలో అది స్పష్టంగా పడుతుంది.

19వ శతాబ్దంలో ఎర్న్‌స్ట్ హైన్రిక్‌సెన్ సంస్థ కాలిబంటు ఎత్తును దాదాపు 30 మిల్లీమీటర్లకు స్థిరపరచింది. మిగతా తయారీదారులూ అదే కొలత పట్టుకోవడంతో ఒకరి దగ్గర కొన్న ఫిరంగి పక్కన ఇంకొకరి దగ్గర కొన్న దళం నిలబడగలిగింది. ఇప్పటి యుద్ధక్రీడల్లో స్కేలు మీద నడిచే వాదులాటలన్నిటికీ పుట్టిల్లు ఇదే. బొమ్మలను పల్చటి చెక్కతో చుట్టిన పెట్టెల్లో పెట్టి తూకానికి అమ్మేవారు. పావు పౌను సైన్యం, అర పౌను సైన్యం. యుద్ధాన్ని తక్కెడలో తూచి ఇచ్చిన కాలం అది.

రంగు పని మాత్రం కార్ఖానాలో జరిగేది కాదు. ఆడవాళ్లూ పిల్లలూ ఇళ్ల దగ్గర కూలికి చేసేవారు. ఒకరు కోట్లన్నిటికీ నీలం, ఇంకొకరు ముఖాలకు గులాబీ, మరొకరు తుపాకులకు గోధుమ రంగు. హిల్‌పెర్ట్ తన అక్షరాలు బొమ్మల మీద చెక్కుకున్నాడు. రంగు వేసిన చేతుల పేర్లలో మ్యూజియం చీటీ దాకా వచ్చినవి దాదాపు లేవు. బొమ్మను చూసినవాడి కన్ను ముందు ఆగేది ఆ రంగు దగ్గరే కాబట్టి, ఈ చరిత్రలో ఇంతకు మించిన అన్యాయం లేదు.

డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1838లో వెలువరించిన తగరపు సైనికుడి కథ ఇలాంటి బొమ్మల కాలానిదే. ఒకే పాత చెంచాను కరిగించి 25 మందిని పోస్తారు. చివరివాడికి లోహం చాలక ఒక కాలు కరువవుతుంది. మురుగుకాలువలో కొట్టుకుపోయి, చేప కడుపులో పడి తిరిగొచ్చాక, చివరికి పొయ్యి మంటలో నిలబడేసరికి అతని ఒంటి మీద రంగులు మిగలవు. కాలు లేకపోవడాన్ని తలుచుకున్నంతగా రంగు పోవడాన్ని పాఠకులు తలుచుకోరు.

కూలి రంగుల్లో నీడకు చోటు లేదు. ఒక్కో భాగానికి ఒక్కో రంగు, అంతే. రేకు బొమ్మలు పిల్లల చేతుల్లోంచి జారి 20వ శతాబ్దంలో సేకరణదారుల చేతికి వచ్చాక కథ మారింది. వాళ్లు తైలవర్ణాలు పట్టుకుని, వెలుతురు ఒక మూల నుంచి వస్తున్నట్టు ఊహించుకుని, రేకు మీద భుజాన్నీ గుర్రం డొక్కనూ ఉబ్బించి చూపించారు. బవేరియాలో కుల్మ్‌బాహ్ ఊరి ప్లాసెన్‌బుర్గ్ కోటలో ఉన్న తగరపు బొమ్మల మ్యూజియంలో అలాంటి రేకు ముందు నిలబడితే, అది రేకని కన్ను ఒప్పుకోదు.

ఇంగ్లండులో దారి వేరు. 1893లో విలియం బ్రిటన్ సంస్థ బోలు పోత కనిపెట్టింది. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, పైపొర గట్టిపడగానే మిగతాది వెనక్కి ఒంపేస్తారు. లోపల డొల్ల, బయట మనిషి. లోహం తక్కువ పట్టింది కాబట్టి లోపల నిండుగా పోసిన జర్మన్ బొమ్మల కంటే చవక. 54 మిల్లీమీటర్ల ఆ బొమ్మలకు మెరిసే ఎనామెల్, గులాబీ బుగ్గలు, కళ్లకు రెండు చుక్కలు. వాటిలో మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలూ ఉన్నారు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేశారు. పెట్టెలో మాత్రం అందరి ముఖాలకూ ఒకే గోధుమ రంగు. హెచ్.జి.వెల్స్ 1913 నాటి ‘లిటిల్ వార్స్’లో ఇలాంటి బొమ్మలను నేల మీద పరిచి, స్ప్రింగు ఫిరంగితో చిన్న చెక్క గుండ్లు పేల్చి కూల్చే ఆటకు నియమాలు రాశాడు. ఆ ఆటలో నేలకొరిగిన సైనికుడికి తగిలే అసలు గాయం రంగు పెచ్చు ఊడిపోవడమే.

1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ ‘వార్ గేమ్స్’ పుస్తకం వచ్చేనాటికి ఎయిర్‌ఫిక్స్ మెత్తటి ప్లాస్టిక్ సైనికులు దుకాణాల్లోకి వచ్చేశారు. చవకగా వందల మంది దొరికారు. కానీ వంగే తుపాకీ మీద ఎనామెల్ నిలవదు, బయొనెట్ కొన దగ్గర పెచ్చులుగా రాలుతుంది. ఆటగాళ్లు సబ్బునీళ్లతో కడిగి, తెల్లటి వడ్రంగి జిగురు పూసి రంగును ఆపడానికి తంటాలు పడ్డారు. 1979లో ఇంగ్లండులో సిటాడెల్ మినియేచర్స్ అనే బొమ్మల సంస్థ మొదలైంది. 1983లో వార్‌హామర్ అనే యుద్ధక్రీడ వచ్చింది. 1987లో గోల్డెన్ డీమన్ పేరిట రంగుల పోటీ మొదలై, న్యూరెంబర్గ్ ఇళ్లలో పేరు లేకుండా సాగిన పని బహుమతుల పని అయింది. సీసం విషం కావడంతో అమ్మకానికి పోసే బొమ్మలు సీసం లేని మిశ్రలోహాలకూ గట్టి ప్లాస్టిక్‌కూ మారాయి. పాత సీసపు బొమ్మ చేతికొస్తే మాత్రం దాన్ని అరగదీసిన పొడి పీల్చకూడదు, కుంచె కొనను నాలుకతో సాపు చేయకూడదు.

కొత్తవాళ్లు ఇవాళ చేసే పనిలో ఈ కథంతా పొరలు పొరలుగా ఉంది. ముందు అచ్చు అతుకు దగ్గర మిగిలిన గీతను చాకు వెనక అంచుతో గీకేయాలి. వదిలేస్తే ఎంత మంచి రంగు వేసినా ముఖం మధ్యలో మచ్చలా నిలుస్తుంది. తర్వాత ప్రైమర్, అంటే అడుగు పూత, మందంగా కాక మంచు పట్టినట్టు. దాని మీద నీళ్లు కలిపి పల్చన చేసిన అక్రిలిక్ రంగు రెండు పూతలు. ఒక్క చిక్కటి పూతతో ముగిద్దామనుకుంటే ముక్కూ మూతీ పూడిపోతాయి. ఆ పైన వాష్. ముదురు రంగు నీళ్లు మడతల్లోకి తమంతట తాము దిగి ఆరతాయి. నీడను గీయనక్కర్లేదు, ఆ నీళ్లే గీస్తాయి. చివరగా కుంచెను గుడ్డకు తుడిచి, మిగిలిన తడితో ఎత్తుల మీద మాత్రం లేత రంగు తాకించాలి. 2019లో వచ్చిన కాంట్రాస్ట్ రంగులు ఒక్క పూతలోనే రంగునూ నీడనూ పరుస్తాయి. పని తేలికైన మాట నిజమే. అయితే వెలుతురు ఎటు నుంచి పడుతోందని బొమ్మను తిప్పి చూసే అలవాటు మాత్రం ఆ సీసాతో రాదు.

ఆఖరి పూత మెరుపు లేని వార్నిష్. మెరిసే వార్నిష్ పూస్తే గదిలోని దీపం బొమ్మ భుజం మీద నిజమైన తళుకు వేస్తుంది, దాంతో కుంచె దిద్దిన వెలుతురూ నీడా చెల్లకుండా పోతాయి.