ముల్లు పీకే ముందు

చుస్... చుస్... చుస్. సైకిలు వెనక చక్రం తిరిగిన ప్రతిసారీ అదే చప్పుడు. ఎడమ పిక్క మీద చల్లగా చుక్కలు పడుతున్నాయి. వంగి చూస్తే తెల్లగా ఉన్నాయి. వెంటనే ముక్కుకు అమ్మోనియా ఘాటు తగిలింది.

మన్ననూరు గేటు 6 గంటలకు తీశారు. అమ్రాబాద్ పులుల అడవి గుండా పోయే ఈ శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. గేటు తీయగానే కార్లన్నీ మనల్ని దాటుకుని పోయాయి. ఇప్పుడు రోడ్డు మీద మనమే ఉన్నాం. ఫర్హాబాద్ దాటాం, వటవర్లపల్లి ఇంకా రాలేదు. ఫోనులో సిగ్నల్ లేదు.

"ఆగకు తమ్మీ, జర తొక్కు. లోపలి మందును పని చెయ్యనియ్యి." వెనక నుంచి అన్న గొంతు.

తొక్కుతున్నాం. మనవి ట్యూబు లేని, ట్యూబ్‌లెస్ టైర్లు. టైరులో పోసిన సీలెంట్ అంటే ప్రధానంగా రబ్బరు పాలు. డబ్బాలో గడ్డకట్టకుండా చాలా రకాల్లో అమ్మోనియా కలుపుతారు. రంధ్రానికి అడ్డం పడడానికి సన్న పీచు, పలుకులు ఉంటాయి. చక్రం తిరుగుతున్నంతసేపూ ఆ ద్రవం టైరు లోపలి అంచు మీద పరుచుకునే ఉంటుంది. రంధ్రం పడితే గాలితో పాటు అక్కడికే ఉరికి, బయటి గాలి తగిలి గట్టిపడుతుంది. పొద్దున అచ్చంపేట వైపు నుంచి వచ్చిన రోడ్డు అంచుల్లో పల్లేరు కాయలు ఎండి రాలి ఉన్నాయి. పల్లేరు కాయ ఐదు బద్దలుగా విడిపోతుంది. ఏ బద్ద ఎలా పడినా ఒక ముల్లు ఆకాశం వైపే ఉంటుంది. వాటి మీంచి తొక్కుకుంటూ వచ్చాం. ఎన్ని దిగాయో మనకు తెలియలేదు, గాలి మాత్రం పోలేదు. ఆ పని చేసింది సీలెంటే.

అందుకే ట్యూబ్‌లెస్ వాళ్లు వెంట తెచ్చుకోవాల్సిన మొదటి వస్తువు సంచిలో ఉండదు, టైరులో ఉంటుంది. అది తడిగా ఉండాలి. 32 మిల్లీమీటర్ల టైరుకు 40 నుంచి 60 మిల్లీలీటర్లు పడుతుంది. మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఎండి పొర కట్టేస్తుంది. బయలుదేరే ముందు రోజు చక్రాన్ని చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ద్రవం కదిలిన చప్పుడు వినపడాలి. వినపడకపోతే ముందు సీలెంట్ పోసుకోవాలి, ప్రయాణం సంగతి తర్వాత.

చప్పుడు సన్నబడింది గానీ ఆగలేదు. టైరు మెత్తబడుతోంది. కల్వర్టు పక్కకు తీసి ఆపాం. చప్పుడు వచ్చే చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకున్నాం. ఆగిన టైరులో సీలెంట్ అడుగునే చేరుతుంది కాబట్టి రంధ్రం కూడా అడుగునే ఉండాలి. కాసేపు చూశాం. తెల్లటి బుడగలు వస్తూనే ఉన్నాయి. తుడిచి చూస్తే మధ్యలో సర్కారు తుమ్మ ముల్లు, అగ్గిపుల్లంత లావు, సగానికి విరిగి ఉంది. చెయ్యి దానంతట అదే ముల్లు మీదికి పోయింది.

"ముల్లు పీకకు! ముందు సూదికి పట్టీ ఎక్కించు. పీకినంక సంచి ఎతికితే గాలి ఆగుతదా?"

ఈ ఒక్క మాట కోసమైనా అన్నతో రావాలి. ఇప్పుడు టైరుకు బిరడా ఆ ముల్లే. దాన్ని పీకితే మిగిలిన గాలి, సీలెంట్ అన్నీ రోడ్డు పాలు. ప్లగ్గు చేతిలో సిద్ధంగా ఉన్నాకే పీకాలి. ప్లగ్గు అంటే బంక పట్టిన సన్నటి రబ్బరు పట్టీ. రెండు లావుల్లో తెచ్చుకోవాలి, ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్లది, ఇంకొకటి మూడున్నరది. దాన్ని గుచ్చే సూది సీటు కింది సంచి అడుగున కాకుండా చొక్కా వెనక జేబులో, చూడకుండానే చేతికి తగిలేలా ఉండాలి. పట్టీ ఒకటి ఇంట్లోనే ఎక్కించి పెట్టుకుంటే ఇంకా మేలు. చేతులకు సీలెంట్ అంటుకున్నాక ఆ బంక పట్టీని సూది కంట్లోకి దూర్చడం నరకం.

చిన్న పటకారుతో ముల్లు లాగాం. భుస్సుమంది. అదే క్షణంలో సూది దించాం, నిటారుగా, పట్టీ కొసలు అర సెంటీమీటరు బయట మిగిలేదాకా. సూదిని ఒక్క ఊపున వెనక్కి లాగితే పట్టీ లోపలే ఉండిపోయింది. చప్పుడు ఆగింది. చక్రం తిప్పితే పట్టీ చుట్టూ ఒక తెల్లటి వలయం కట్టుకుని ఆరిపోయింది. బయటి కొసలు కోయనక్కర్లేదు, రోడ్డే అరగదీస్తుంది. కొందరు ముందుగా రంధ్రాన్ని ఆకురాయి లాంటి పుల్లతో పెద్దది చేస్తారు. మోటారు సైకిలు టైరుకు అది సరే. సైకిలు టైరు పల్చన, లోపలి దారాలు తెగితే రంధ్రం పెరుగుతూనే పోతుంది.

ఇక గాలి. చెట్టు మీంచి రెండు కోతులు దిగి మన సంచి వైపే చూస్తున్నాయి. సంచి జిప్పు మూసి పంపు తీశాం. చాలామంది 16 గ్రాముల గ్యాస్ గుళికను నమ్ముకుని వస్తారు. నాకు దాని మీద గౌరవం లేకపోలేదు. టైరు అంచు రిమ్ము నుంచి జారిపోతే దాన్ని మళ్లీ ఎక్కించగల వేగం గుళికకే ఉంటుంది. కానీ గుళిక ఒక్కసారికే. పైగా ఆ చల్లటి గ్యాసు తగిలితే కొన్ని సీలెంట్లు లోపలే గడ్డకడతాయి, కాబట్టి వాల్వును పై భాగానికి తిప్పాకే కొట్టాలి. రబ్బరులోంచి ఆ గ్యాసు మామూలు గాలి కంటే త్వరగా ఇంకిపోతుంది కూడా. ఊరి చుట్టూ తిరిగేవాళ్లకు గుళిక చాలు. నల్లమలలో మాత్రం పంపు లేకుండా రాకూడదు. వందల పోట్లు పొడవాలి, భుజం లాగుతుంది. అయినా పంపు అయిపోయే వస్తువు కాదు.

ఒక చిన్న సంగతి. మర బిగించే గొట్టం ఉన్న పంపు విప్పేటప్పుడు వాల్వు కోర్ కూడా దాంతో పాటు ఊడి రావచ్చు, కొట్టిన గాలంతా పోతుంది. కోర్ విప్పే చిన్న తాళం, మారు కోర్ ఒకటి ఉంచుకోవాలి. రెండూ కలిపినా వేలెడు ఉండవు. ఎండిన సీలెంట్ పాత కోర్‌లో ఇరుక్కుని గాలిని లోపలికి పోనివ్వనప్పుడు కూడా అవే దిక్కు.

బయలుదేరాం. వటవర్లపల్లి దాటాం. ఎండ ఎక్కింది. ఒక వంపులో ఎదురుగా బస్సు వస్తే రోడ్డు అంచు దిగాం. రాయి గీసుకుంది. ఈసారి చుస్ కాదు, ఒక్కసారి టప్. వెనక రిమ్ము నేలకు కొట్టుకుంది.

టైరు పక్కగోడ కోసుకుపోయింది, చిటికెన వేలి గోరంత. ఇక్కడ సీలెంట్ నిలవదు, ప్లగ్గు పట్టదు. పక్కగోడ ప్రతి గుంతకూ వంగుతుంది, పట్టీని బయటికి తోసేస్తుంది. ఇప్పుడు కావాల్సింది మామూలు ట్యూబు. ట్యూబ్‌లెస్ అన్న పేరు విని ట్యూబు మానేసినవాళ్లు సరిగ్గా ఇలాంటి చోటే సైకిలు నడిపించుకుంటూ పోవాల్సి వస్తుంది.

ట్యూబు వేయాలంటే ముందు ట్యూబ్‌లెస్ వాల్వు ఊడాలి. దాన్ని బిగించే నట్టు మన వేళ్లకే వచ్చింది. ఇంట్లో పటకారుతో బిగించి ఉంటే ఇక్కడ కథ ముగిసేది. పల్చటి రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని టైరు ఒక వైపు విప్పాం. మిగిలిన సీలెంట్ తుడిచేశాం. అన్న గుడ్డ ముక్కతో టైరు లోపల మెల్లగా రాస్తూ చుట్టూ వస్తున్నాడు. గుడ్డ తట్టుకున్న చోటల్లా ఆగుతున్నాడు. అవన్నీ పొద్దుటి పల్లేరు ముళ్లు! సీలెంట్ మూసేసినందుకు మనకు తెలియకుండా లోపలికి తలలు పెట్టుకుని కూర్చున్నాయి. ఒక్కటి మిగిలినా కొత్త ట్యూబు వేసిన పది నిమిషాలకే చిల్లి. పటకారు ఉన్నది ఇందుకు. తొందర పడకూడని చోటు ఏదైనా ఉంటే ఇదే.

కోసుకుపోయిన చోట లోపలి నుంచి పాత టైరు పక్కగోడ ముక్క పెట్టాం. లేకపోతే ట్యూబు ఆ సందులోంచి బయటికి ఉబ్బి పేలుతుంది. ఖాళీ టూత్‌పేస్టు ట్యూబు కోసిన ముక్క కూడా పని చేస్తుంది. ముక్క కదలకుండా గుడ్డ టేపు అంటించాం. ఆ టేపు పంపు చుట్టూనే చుట్టి ఉంది, వేరే చోటు అడగదు. ట్యూబు పాత సాక్సులో చుట్టి ఉంది. పనిముట్లతో కలిపి వదిలేస్తే రాపిడికి సంచిలోనే చిల్లు పడుతుంది. టైరు అంచు గట్టిది. రెండు అంచులనూ రిమ్ము మధ్య గాడిలోకి నొక్కుతూ, వాల్వుకు ఎదురు దిక్కున మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగిస్తే లివర్ పెద్దగా వాడకుండానే ఎక్కింది.

ఇలా దారి పక్కన టైరు విప్పి బిగించుకోవడం పాత కథే. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగొచ్చే సుమారు 1200 కిలోమీటర్ల పందెం షార్ల్ టెరాన్ గెలిచాడు. అతని చక్రాలకు మిషెలిన్ కంపెనీ కొత్తగా చేసిన, ఊడదీసి మళ్లీ బిగించగల టైర్లు ఉన్నాయి. అప్పటి ఇతర గాలి టైర్లను రిమ్ముకు జిగురుతో అంటించేవారు, చిల్లి పడితే గంటల పని. దారి పక్కన నిలబడి తన టైరు తానే బాగు చేసుకోగలగడం దూరప్రయాణం సైకిలుకు అప్పుడే ప్రాణమైంది. ఆ పందెం పేరే నేటికీ నాలుగేళ్లకొకసారి, 90 గంటల గడువుతో సాగే యాత్రకు ఉంది. దానికి అర్హత కోసం మన దగ్గర తొక్కే బ్రెవేలనే దూరపు యాత్రల్లో కూడా నియమం అదే. కంట్రోల్ పాయింట్ల మధ్య వెంట బండి రాకూడదు, నీ సాయం నీ సంచిలోనే ఉండాలి.

ట్యూబు ఉంటే గాలి మునుపటి కంటే కాస్త ఎక్కువే పెట్టాలి, లేకపోతే గుంతలో రిమ్ముకు నలిగి రెండు చిల్లులు పడతాయి. పంపుతో ఆ ఒత్తిడి పూర్తిగా రాలేదు. మెల్లగా దోమలపెంట చేరాం. టీ కొట్టు పక్కన కంప్రెసరు, నీళ్ల తొట్టి, వేలాడుతున్న టైర్లు.

"ఏమైంది సారూ, పంచరా?"

"గాలి కొట్టు తమ్మీ," అని అన్న జేబులోంచి వేలి కొసంత ఇత్తడి అడాప్టరు తీశాడు. మన సన్నటి ప్రెస్టా వాల్వుకు ఇక్కడి గాలి గొట్టం పట్టదు, మోటారు సైకిలు వాల్వుకు చేసినది. ఆ ఇత్తడి ముక్క తొడిగితే హైవే మీది ప్రతి పంచరు దుకాణమూ మనదే. పది సెకన్లలో టైరు గట్టిపడింది. కోత దగ్గర బొటనవేలితో ఒత్తి చూశాం. ఉబ్బు లేదు.

"ట్యూబు ఇంకోటి కొనుక్కుందామా?" అంటే అన్న తల అడ్డంగా ఊపాడు. ఇక్కడి ట్యూబుల వాల్వు లావు, మన రిమ్ము రంధ్రంలో దూరదు. అన్న సంచిలో ఒక ట్యూబు ఉంది, మామూలు నల్ల రబ్బరుది. నా సంచిలో మిగిలింది నారింజ రంగు ప్లాస్టిక్ ట్యూబు, దాని బరువులో మూడో వంతు ఉంటుందేమో. దుకాణం అతను రెండూ చేతిలోకి తీసుకుని చూశాడు. నల్లదాన్ని నొక్కి, "దీనికైతే ఎక్కడైనా ప్యాచ్ ఏస్తరు సారూ. గీ ప్లాస్టిక్‌కు మా సొల్యూషన్ అంటదు," అన్నాడు.

అతని దగ్గరే ఒక సొల్యూషన్ ట్యూబు, నాలుగు ప్యాచ్‌లు, గరుకు కాగితం ముక్క కొన్నాం. ముందు పాతాళగంగ ఘాట్. కోత పడిన టైరు వెనక చక్రానిదే గనక దిగవచ్చు, ముందుదైతే దిగనిచ్చేవాణ్ణి కాదంటున్నాడు అన్న. నల్ల ట్యూబు సాక్సులో చుట్టి పైకి, సూదికి కొత్త పట్టీ ఎక్కించి జేబులోకి.