ల్యాప్‌టాప్‌కు రెండు మానిటర్లు: డాక్ కొనేముందు

కామసముద్రం, బంగారపేటల మీదుగా బెంగళూరు ఉద్యోగాలకు రైలులో వెళ్ళివచ్చేవారిలో ఇంటివద్ద రెండు మానిటర్లు అమర్చుకొనదలచినవారు ముందుగా తమ ల్యాప్‌టాప్‌ను పరిశీలించాలి. టైప్-సి పోర్టు ఉన్నంత మాత్రాన దాని గుండా చిత్రం వెలువడదు. డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉండాలి. అది లేనిచో డిస్‌ప్లేలింక్ చిప్ గల డాక్ శరణ్యం. అది చిత్రాన్ని కుదించి సాధారణ యూఎస్‌బీ ద్వారానే పంపుతుంది గనుక ప్రాసెసర్‌పై భారం పడుతుంది, డ్రైవర్ కూడా వేసుకోవాలి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో అందుకు అనుమతి తరచు ఉండదు. వేలు పోసి కొన్నాక అడగడం కన్న ముందే అడగడం మేలు. 2020 నాటి ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ బయటి మానిటర్ ఒక్కదానినే నడుపుతుంది. డిస్‌ప్లేలింక్ లేనిదే, ఎంత ఖరీదైన థండర్‌బోల్ట్ డాక్ తెచ్చినా రెండవ తెరపై వేరు చిత్రం రాదు. ఇక ఛార్జింగ్ విషయం: డాక్ అడాప్టరుపై ముద్రించిన వాట్లలో కొంత డాకే వాడుకుంటుంది. ల్యాప్‌టాప్‌కు అందే వాట్లెన్నో విడిగా చూడాలి.